హాకీ జట్టు మీద ఆశ పెట్టుకోవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2025 ఆసియా కప్‌లో మనవాళ్లు ఏడు మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. ఫైనల్లో కొరియాను 4–1తో కొట్టారు. 2026 ప్రపంచకప్‌లో పతకం ఖాయమని నేనంటున్నా. సాయంత్రం టీ కొట్టు దగ్గర చేరేవాళ్లు మాత్రం ‘ముందు యూరప్ జట్ల మీద గెలవనీ, అప్పుడు చూద్దాం’ అంటున్నారు. నాది అత్యాశేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అత్యాశ కాదు. ‘ఖాయం’ అన్న ఒక్క మాట వదిలేస్తే మాదీ మీ మాటే. అయితే ఆశకు ఆధారంగా ఏడు మ్యాచ్‌ల లెక్క చూపకండి. ఆ గోల్స్ ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో చూపండి. టీ కొట్టు దగ్గరివాళ్లకు అదే సరైన సమాధానం.

ఆసియా కప్ జరిగిన బిహార్‌లోని రాజ్‌గిర్‌లో ఆగస్టు 29న, అంటే ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, చైనాతో మొదటి మ్యాచ్ 4–3తో గట్టెక్కాం. ఆ నాలుగు గోల్సూ పెనాల్టీ కార్నర్ల (గోల్ దగ్గర ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే అవకాశాల) మీద వచ్చినవే. మూడు కెప్టెన్ హర్మన్‌ప్రీత్‌వి, ఒకటి జుగ్‌రాజ్‌ది. తర్వాత జపాన్‌పై 3–2 గెలుపులోనూ రెండు హర్మన్‌ప్రీతే కొట్టాడు. అక్కడికి చూస్తే పారిస్ ఒలింపిక్స్ నాటి బొమ్మే కనిపించింది. 2024లో పారిస్‌లో మన జట్టు మొత్తం 15 గోల్స్ చేస్తే అందులో 10 అతనివే. న్యూజీలాండ్‌పై గెలుపు గోల్, అర్జెంటీనాతో మ్యాచ్‌ను సమం చేసిన గోల్, రెండూ 59వ నిమిషంలో అతని స్టిక్ నుంచే వచ్చాయి. కంచు పతకం తెచ్చిన ఆ జట్టును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ మూడింట రెండొంతుల గోల్స్ ఒక్కడే కొడుతుంటే ఎదుటి కోచ్‌కు పని తేలికవుతుంది. అతని ఫ్లిక్‌కు (బంతిని స్టిక్‌తో లాగి విసిరే షాట్‌కు) అడ్డంగా మొదటి రషర్‌ను (గోల్ గీత నుంచి దూసుకొచ్చే డిఫెండర్‌ను) సరిగ్గా పరిగెత్తిస్తే సగం పని అయిపోయినట్టే.

రాజ్‌గిర్‌లో సూపర్ 4 (గ్రూపుల్లో పైనున్న నాలుగు జట్ల దశ) నుంచి ఆట మారింది. మలేసియాపై నాలుగు గోల్స్ నలుగురు కొట్టారు. మొదటిసారి 4–3తో ముప్పుతిప్పలు పెట్టిన అదే చైనాపై 7–0తో గెలిచినప్పుడు ఆరుగురు గోల్స్ చేశారు. ఫైనల్లో హర్మన్‌ప్రీత్ ఒక్క గోల్ కూడా చేయలేదు. సుఖ్‌జీత్ మొదటి నిమిషంలోనే కొట్టాడు, దిల్‌ప్రీత్ రెండు కొట్టాడు, అమిత్ రోహిదాస్ ఒకటి. కెప్టెన్ గోల్ లేకుండా ఫైనల్ 4–1తో గెలవడమే మీ ఆశకు గట్టి పునాది. టోర్నీ మొత్తంలో కొట్టిన 39 గోల్స్ అంకె చెప్పి మురిసిపోవద్దు. అందులో 15 కజకిస్థాన్ మీద వచ్చినవి. వాటిని తీసేస్తే ఆరు మ్యాచ్‌లకు 24 గోల్స్, అంటే మ్యాచ్‌కు నాలుగు. అది నిఖార్సైన లెక్క.

ఇక ఎదుటివాళ్ల వాదనలో ఉన్న నిజం. ఆసియా కప్‌లో యూరప్ జట్లుండవు. అంతకు మూడు నెలల ముందే, 2025 జూన్‌లో, ప్రో లీగ్ (ప్రపంచపు మేటి జట్లు ఆడే లీగ్) యూరప్‌లో జరిగిన అంచెలో మనం వరుసగా ఏడు మ్యాచ్‌లు ఓడిపోయాం. నెదర్లాండ్స్‌తో 1–2, 2–3. అర్జెంటీనాతో 3–4, 1–2. ఆస్ట్రేలియాతో రెండుసార్లూ 2–3. బెల్జియంతో 3–6. ఆ మర్నాడే అదే బెల్జియాన్ని 4–3తో ఓడించాం. ఈ అంకెలను ఒకసారి నెమ్మదిగా చదవండి. ఏడు ఓటముల్లో ఆరు ఒక్క గోల్ తేడాతో పోయినవే. అంటే పెద్ద జట్లకూ మనకూ ఆటలో అంత దూరం లేదు. ఆఖరి పది నిమిషాల్లో ఉంది దూరం. అలసిన కాళ్లతో డీ (గోల్ ముందున్న అర్ధవృత్తం) అంచున బంతిని బయటికి కొట్టేయాల్సింది పోయి మధ్యలోకి ఆడటం, మార్కింగ్‌లో ఒకరి మనిషిని ఒకరు వదిలేయడం, ఆ సమయంలో కార్డు తెచ్చుకోవడం. ఒక్క గోల్ తేడా ఓటములు ఎక్కువగా ఈ మూడింటి వల్లే వస్తాయి. సరిదిద్దుకోగలిగినవే ఇవి.

చరిత్ర మాత్రం కఠినంగానే ఉంది. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌ను 2–1తో ఓడించి కప్పు గెలిచాక ప్రపంచకప్‌లో మనం సెమీఫైనల్ గడప తొక్కలేదు. ఒలింపిక్స్‌లో వరుసగా రెండు కంచు పతకాలు తెచ్చిన తరానికే ఆ గడప దాటే సత్తా ఉందని మా నమ్మకం. ఇంకొక్క విషయం కూడా గుర్తుంచుకోండి. ప్రపంచకప్ బెల్జియం, నెదర్లాండ్స్‌లలో ఆగస్టు 15 నుంచి 30 వరకు. సెప్టెంబరు 19న జపాన్‌లో ఆసియా క్రీడలు మొదలు. అక్కడ స్వర్ణం గెలిస్తే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు నేరుగా బెర్తు. మూడు వారాల ఎడంలో రెండు పెద్ద పరీక్షలు. అందుకే ఇప్పట్నుంచే 11 మందిని కాదు, 20 మందినైనా సమానంగా ఆడిస్తున్నారా లేదా అన్నది చూడండి. శ్రీజేష్ తప్పుకున్నాక గోల్‌లో నిలబడిన కృషన్ పాఠక్‌తో పాటు రెండో గోల్‌కీపర్‌కు ఎన్ని మ్యాచ్‌లిస్తున్నారో ప్రత్యేకంగా గమనించండి.

ప్రశ్న: టీవీలో చూస్తూ మన జట్టు నిజంగా బాగా ఆడిందా, అదృష్టం కలిసొచ్చి గెలిచిందా అని మేమే లెక్క కట్టుకోవచ్చా? క్రికెట్ స్కోరు రాయడం వచ్చు, హాకీకి ఏం రాయాలో తెలియడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: తప్పకుండా కట్టుకోవచ్చు. ఒక రూళ్ల నోట్‌బుక్కు, రెండు రంగుల పెన్నులు చాలు. పేజీని అడ్డంగా నాలుగు భాగాలు చేసుకోండి, ఒక్కో క్వార్టర్‌కు ఒకటి. హాకీలో క్వార్టర్ 15 నిమిషాలు. ప్రతి భాగంలోనూ మనవాళ్లకు నీలం, ఎదుటివాళ్లకు ఎరుపు.

మొదట రాయాల్సింది డీలోకి ఎన్నిసార్లు వెళ్లారన్నది. బంతి అదుపులో ఉండి డీ గీత దాటితేనే ఒక గీత గీయండి. దూరం నుంచి గుడ్డిగా కొట్టిన బంతి డీలోంచి దొర్లుకుంటూ బయటికి పోతే లెక్కలోకి తీసుకోవద్దు. దాని పక్కనే గోల్ మీదికి కొట్టిన షాట్లు. తర్వాత పెనాల్టీ కార్నర్లు. వచ్చిన కార్నర్‌కు చిన్న గుండ్రం చుట్టండి, గోల్ అయితే దాన్ని నింపేయండి. గోల్ పక్కన అది ఫీల్డ్ గోలా, కార్నరా, స్ట్రోకా అన్నది ఒక్క అక్షరంలో రాసి, కొట్టినవాడి పేరు, నిమిషం వేయండి. చివరగా కార్డులు. పచ్చ కార్డుకు రెండు నిమిషాలు, పసుపుకు కనీసం అయిదు నిమిషాలు ఒక మనిషి తక్కువ. ఆ సమయంలో గోల్ పడిందో లేదో తప్పక రాయండి.

మ్యాచ్ అయ్యాక ఎలా చదవాలో కూడా చెబుతాం. డీలోకి 20 సార్లు వెళ్లి షాట్లు నాలుగే ఉంటే ఫార్వర్డ్‌లకు ఆఖరి పాస్ దొరకడం లేదన్నమాట. స్కోరు 3–0 ఉన్నా సంబరపడొద్దు. కార్నర్లలో మూడు నాలుగింటికి ఒక గోల్ వస్తుంటే బాగున్నట్టు. ఎనిమిదింటికి ఒకటి అయితే ఫ్లిక్కర్‌ను వెంటనే తప్పుపట్టకుండా ఇంజెక్టర్‌ను (గోల్ గీత నుంచి బంతిని తోసేవాణ్ని), స్టాపర్‌ను (దాన్ని డీ బయట ఆపేవాణ్ని) చూడండి. బంతి ఎగిరెగిరి వస్తోందా, స్టాపర్ దగ్గర ఒక్కసారి తడబడుతోందా? సగం సెకను ఆలస్యమైతే చాలు, రషర్ మీదికి వచ్చేస్తాడు. నాలుగో క్వార్టర్‌లో ఎర్ర గీతలు ఒక్కసారిగా పెరిగితే అది ఫిట్‌నెస్ లోపం, లేదా ఆధిక్యాన్ని కాపాడుకుందామని మరీ వెనక్కి ముడుచుకుపోవడం. రెంటినీ వేరు చేయాలంటే మనవాళ్ల నీలం గీతలు చూడండి. అవి కూడా సున్నా అయితే ముడుచుకుపోయినట్టు. నీలం గీతలు అలాగే ఉండి ఎర్రవీ పెరిగితే కాళ్లు అలసినట్టు.

ఒక్క మ్యాచ్ లెక్కతో తీర్పు ఇవ్వొద్దు. అయిదు మ్యాచ్‌ల పేజీలు పక్కపక్కన పెట్టుకుంటే జట్టు ఎటు వెళుతోందో మీకే తెలిసిపోతుంది. ఎదుటి జట్టు ర్యాంకు పేజీ పైన రాయడం మరవద్దు. అంతర్జాతీయ ర్యాంకింగ్ పాయింట్లు కూడా ఆ పద్ధతిలోనే మారతాయి. తనకన్నా పై జట్టును ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, కింది జట్టును ఓడిస్తే కొద్దిగా.

ప్రశ్న: గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా ఓడకపోయినా 2023 ప్రపంచకప్‌లో మనం క్వార్టర్ ఫైనల్‌కు ఎందుకు పోలేదు?
– ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: గోల్స్ తేడా వల్ల. మనకూ ఇంగ్లండ్‌కూ చెరి 7 పాయింట్లు, చెరి రెండు గెలుపులు. ఇంగ్లండ్ వేల్స్‌ను 5–0తో, స్పెయిన్‌ను 4–0తో ఓడించి ప్లస్ 9లో ఉంది. మనం స్పెయిన్‌పై 2–0, వేల్స్‌పై 4–2 గెలిచి ప్లస్ 4 దగ్గర ఆగాం. గ్రూపులో మొదటి జట్టుకే నేరుగా క్వార్టర్స్. మనం క్రాసోవర్ (రెండు, మూడు స్థానాల జట్లు క్వార్టర్స్ బెర్తు కోసం ఆడే మ్యాచ్) ఆడి న్యూజీలాండ్ చేతిలో పోయాం. అందుకే చిన్న జట్టుతో ఆడేటప్పుడు నాలుగో గోల్, అయిదో గోల్ కూడా విలువైనవే.

ప్రశ్న: మా జూనియర్ కాలేజీ జట్టు వరుసగా ఆరు మ్యాచ్‌లు గెలిచింది. అన్నీ గ్రావెల్ గ్రౌండ్ మీదే. వచ్చే నెల టర్ఫ్ మీద టోర్నమెంటుకు వెళ్తున్నాం. పిల్లలు మంచి ఊపు మీదున్నారు, మాకూ కప్పు మీద ఆశ ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఆరు గెలుపులు ఊరికే రావు మాస్టారూ. పిల్లలకు దమ్ము, పట్టుదల, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉన్నాయని తేలిపోయింది. అవి టర్ఫ్ మీదికీ వస్తాయి. రానివి నాలుగైదు ఉన్నాయి, వాటికి ఈ నెల సరిపోతుంది.

మొదటిది బంతి వేగం. గ్రావెల్ మీద బంతి రాయి తగిలి ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టి పిల్లలు స్టిక్ నిలువుగా పట్టి, ఒంటిని బంతి వెనక పెట్టి ఆపడం అలవాటు చేసుకుంటారు. తడి టర్ఫ్ మీద బంతి లేవదు, జారిపోతుంది. అలా నిలబడి ఆగితే బంతి పక్కనుంచి వెళ్లిపోయాక స్టిక్ వస్తుంది. మోకాళ్లు వంచి, స్టిక్‌ను నేలకు ఆనించి పడుకోబెట్టి ఆపడం నేర్పండి. ముఖ్యంగా ఎడమ పక్క రివర్స్ స్టిక్‌తో (స్టిక్‌ను తిప్పి పట్టి). దీనికి టర్ఫే అక్కర్లేదు, సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు చాలు. ఇద్దరిద్దరుగా 10 మీటర్ల దూరంలో రోజుకు 100 పాస్‌లు, అందులో 40 రివర్స్ వైపు. సిమెంటు మీద స్టిక్ తల అరిగిపోతుంది. పాత స్టిక్కులు వాడి, కింది భాగానికి ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేయించండి. మ్యాచ్ స్టిక్‌ను సిమెంటు మీదికి తేవద్దు.

రెండోది పెనాల్టీ కార్నర్. ఎక్కువ జట్లు దెబ్బతినేది ఇక్కడే. ఇంజెక్టర్ గోల్ పోస్టుకు 10 మీటర్ల దూరం నుంచి తోస్తాడు. డీ పైభాగం గోల్ లైనుకు 14.63 మీటర్లు. రెండూ కలిపి లెక్కేస్తే గోల్‌కు ఎదురుగా డీ బయట నిలబడ్డ స్టాపర్ దాకా బంతి దాదాపు 19 మీటర్లు ప్రయాణించాలి. 28 మీటర్ల బాస్కెట్‌బాల్ కోర్టులో సుద్దతో ఆ దూరం గీసి, ఇంజెక్టర్, స్టాపర్ ఇద్దర్నే రోజూ అరగంట విడిగా ఆడించండి. బంతి ఎగరకుండా పదింటికి ఎనిమిదిసార్లు ఒకే చోటికి రావాలి. అది కుదిరేదాకా ఫ్లిక్ మాట ఎత్తవద్దు. గ్రావెల్ మీద డ్రాగ్ ఫ్లిక్ నేర్చుకున్న కుర్రాడికి టర్ఫ్ మీద బంతి ముందే జారిపోయి గోల్ పైనుంచి పోతుంది. నెలలో దాన్ని సరిచేయలేరు. నేల మీద నేరుగా కొట్టే హిట్‌కే సిద్ధం చేయండి. ఒక్క నిబంధన పిల్లలకు కంఠతా రావాలి. హిట్ చేస్తే మొదటి షాట్ గోల్ గీత దాటేటప్పుడు వెనక చెక్క ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు, మించకూడదు. ఫ్లిక్‌కు ఆ పరిమితి లేదు. ఇది తెలియక కొట్టిన మంచి గోల్స్ రద్దవుతుంటాయి. బంతి డీ బయటికి వచ్చి వెళ్లిందా లేదా అన్నది కూడా అంపైర్ చూస్తాడు.

బూట్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. కాన్వాస్ బూట్లు తడి టర్ఫ్ మీద జారతాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు ఎక్కువగా ఉన్న టర్ఫ్ బూట్లు కావాలి. కొత్తవి మ్యాచ్ రోజే తొడిగిస్తే మడమలు బొబ్బలెక్కుతాయి, కనీసం పది రోజుల ముందు కొనిపించండి. టర్ఫ్ మీద పడితే మోచేతులు, మోకాళ్లు గీసుకుపోతాయి. అందరికీ ఎడమ చేతికి గ్లౌజు, షిన్ గార్డులు, దంతాలకు మౌత్ గార్డు ఉండాల్సిందే.

ఇక గెలుస్తున్న జట్లకు ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఒకటుంది. మొదటి పదకొండు మంది మారరు, వెనకబడి ఆడటం మరిచిపోతారు. సబ్‌స్టిట్యూషన్లకు పరిమితి లేదు కాబట్టి ఫార్వర్డ్‌లను అయిదారు నిమిషాలకోసారి మార్చండి. పెనాల్టీ కార్నర్ ఇచ్చాక అది ముగిసేదాకా మార్చడానికి వీల్లేదని గుర్తుంచుకోండి. ప్రాక్టీసులో వారానికి రెండుసార్లు ‘మనం 0–1 వెనకబడ్డాం, అయిదు నిమిషాలే మిగిలాయి’ అని చెప్పి ఆడించండి. మరో రెండుసార్లు ఒక మనిషిని తీసేసి, పదిమందితో అయిదు నిమిషాలు గోల్ పడకుండా నిలబెట్టండి. పారిస్‌లో బ్రిటన్‌పై మన జట్టు 17వ నిమిషంలో రోహిదాస్‌కు రెడ్ కార్డు పడ్డాక మిగతా ఆటంతా పదిమందితో 1–1 నిలబెట్టింది. పిల్లలకు ఆ మ్యాచ్ చూపించండి.

మన దగ్గర ఎండ, ఉక్క కలిసి ఉంటాయి కాబట్టి ప్రాక్టీసు ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర, లేకపోతే సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టుకోండి. క్వార్టర్ల మధ్య ప్రతివాడూ ఒక చిన్న గ్లాసు నీళ్లు తాగాలి. హాఫ్‌టైమ్‌లో ఓఆర్‌ఎస్. ఒక లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి, చిక్కగా ఉంటే మంచిదని నీళ్లు తగ్గించవద్దు. వీలుంటే ఒకరోజు ముందే చేరి టర్ఫ్ మీద గంటైనా ఆడించండి. ఆ గంటలో మ్యాచ్ ఆడించకండి, పాస్‌లు, ట్రాపింగ్, కార్నర్లు అంతే.

ప్రశ్న: షూటౌట్ అంటే లాటరీయే కదా? మన జట్టు ఎంత ఊపు మీదున్నా అక్కడ ఏం చేయగలదు?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: లాటరీ కాదు. ఇది ఫుట్‌బాల్ పెనాల్టీలా ఒక్క తన్ను కాదు. ఆటగాడు 23 మీటర్ల గీత నుంచి బంతితో బయల్దేరతాడు. ఎనిమిది సెకన్ల లోపు గోల్ చేయాలి. గోల్‌కీపర్ ముందుకు రావచ్చు. తొందరపడి నాలుగు సెకన్లలో కొట్టేవాడికన్నా కీపర్‌ను ఒక పక్కకు లాగి, ఆరో సెకనులో ఖాళీ గోల్‌లోకి తోసేవాడే ఎక్కువ గెలుస్తాడు. కీపర్ వైపు నుంచి చూస్తే పడిపోకుండా ఎంతసేపు నిలబడితే అంత మేలు. ముందే పడితే పని అయిపోయినట్టే. బ్రిటన్‌పై పారిస్‌లో మనం 4–2తో గెలిచింది ఈ ఓర్పుతోనే. 2023లో న్యూజీలాండ్‌పై 3–1 ఆధిక్యం చేజార్చుకుని, షూటౌట్ మధ్యలో శ్రీజేష్ గాయపడి, చివరికి 4–5తో ఓడిపోయాం. ఆ తప్పు షూటౌట్‌ది కాదు, 3–1 దగ్గర ఆట వదిలేయడానిది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూలు హాకీ జట్టులో ఆడుతోంది. మహిళల జట్టు ఫైనల్ చూసినప్పట్నుంచి ఖరీదైన కార్బన్ స్టిక్ కొనమని అడుగుతోంది. కొనొచ్చా? మన ప్రాంతం అమ్మాయిలకు ఈ ఆటలో దారి ఉందా?
– ఒక తల్లి, సింగరాయకొండ

జవాబు: దారి ఉందమ్మా. మన రాష్ట్రంలోనే చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన రజని ఇతిమరపు భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. 2016 రియో ఒలింపిక్స్‌కు రిజర్వ్ గోల్‌కీపర్‌గానూ ఎంపికైంది. మహిళల జట్టు టోక్యోలో నాలుగో స్థానం తెచ్చి, పారిస్‌కు అర్హత కోల్పోయి, 2024 నవంబరులో రాజ్‌గిర్‌లో చైనాను 1–0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. ఆ గోల్ దీపిక కొట్టింది. 2025 ఆసియా కప్ ఫైనల్లో చైనాతో 1–4తో ఓడినా రజతం వచ్చింది. ఈ జట్టు మీద మీ అమ్మాయి పెట్టుకున్న ఇష్టం ఎక్కడికీ పోదు.

స్టిక్ మాత్రం ఇప్పుడే ఖరీదైనది వద్దు. కార్బన్ ఎక్కువున్న స్టిక్ గట్టిగా ఉంటుంది, బంతి తగిలితే వెనక్కి తన్నేస్తుంది. ఆపడం ఇంకా కుదురుకోని చేతికి అది కష్టం. స్కూలు గ్రౌండు మట్టిదే అయితే మూడు నెలల్లో తల అరిగి పొరలు లేస్తాయి. ఫైబర్ ఎక్కువ, కార్బన్ 20–30 శాతం ఉన్న కాంపోజిట్ స్టిక్ తీసుకోండి. వంపు మధ్యలో ఉన్న రకం అడగండి. వంపు బాగా కిందికి ఉన్నది డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాళ్లకు. పొడవు చూడాలంటే అమ్మాయి పక్కన స్టిక్ నిలబెట్టండి, పైకొస నడుము ఎముక దగ్గరికి రావాలి. అయిదడుగుల అమ్మాయికి 35 అంగుళాలు సరిపోతుంది, అయిదడుగుల మూడు అంగుళాలు దాటితే 36.5. ఎదుగుతోంది కదా అని పెద్దది కొనకండి. పొడవు ఎక్కువైతే నడుము వంచడం మానేస్తుంది, ఆ అలవాటు పోదు. మిగిలిన డబ్బుతో ముందు షిన్ గార్డులు, మౌత్ గార్డు కొనండి.